ఓటరు ఎవరో తేలాకే ఓటు: మైదానం లెక్కలో పడిన ఒక సవర గూడ కేసు

ఈ కేసు శ్రీకాకుళం జిల్లాలో, ఒడిశా సరిహద్దుకు దగ్గరగా కొండవాలులో ఉన్న ఒక సవర గూడది. ఊరి పేరు, మండలం పేరు చెప్పడం లేదు. మనుషుల్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. చట్టాలు, తీర్పులు, వాటి తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

భూమి, అటవీ హక్కుల కేసులు చూసే న్యాయవాదిని నేను. ఇంతకంటే పెద్ద కేసులు, పెద్ద విస్తీర్ణాలు ఉన్నవి చూశాను. అయినా దీన్నే రాయడానికి కారణం ఉంది. ఆదివాసులకు చట్టంలో గుర్తింపు ఇవ్వాలా వద్దా అన్న ప్రశ్న మన దగ్గరా, బయటి దేశాల్లోనూ ఏదో ఒక రూపంలో ఓటుకు వస్తూనే ఉంది. ఆ ఓటు ఎవరి చేత వేయిస్తున్నారన్న దాన్ని బట్టే జవాబు సగం తేలిపోతుంది. ఈ గూడలో అదే ప్రశ్న రెండుసార్లు, రెండు వేర్వేరు సభల ముందుకు వెళ్ళింది. రెండు జవాబులూ వేరు.

నేపథ్యం

గూడలో నలభై చిల్లర గడపలు. గొర్రెలు కాసుకునే రెండు కుటుంబాలు తప్ప అందరూ సవరలే. కొండ మీద పోడులో కందులు, సామలు, చోళ్ళు వేస్తారు. వాలులో జీడిమామిడి తోటలున్నాయి. చలికాలం చివర కొండచీపుర్లు, ఎండాకాలం చింతపండు, అడ్డాకులు. రేషనుకూ, సంతకూ, పంచాయతీ ఆఫీసుకూ కింద ఊరికే దిగాలి. కింద ఊరు పెద్దది, వరి, కొబ్బరి, జీడి పండించే రైతులది. పంచాయతీ ఓటర్లలో గూడ వాటా పదోవంతు కూడా ఉండదు. రెవెన్యూ రికార్డులో గూడకు విడిగా పేరే లేదు, కింద ఊరికి శివారుగానే ఉంది.

ఏజెన్సీ గీత, అంటే రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ప్రత్యేక రక్షణలున్న షెడ్యూల్డ్ ప్రాంతం హద్దు, ఎక్కడ పడిందన్నదే ఈ ఊరి కష్టానికి మూలం. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టరుకే ఏజెంటు హోదాలో అప్పగిస్తూ 1839లో చట్టం వచ్చింది. తర్వాత 1874 నాటి షెడ్యూల్డ్ జిల్లాల చట్టం, ఆ తర్వాత 1935 చట్టం కింద మినహాయింపు ప్రాంతాలు, చివరికి 1950 జనవరి 26న రాష్ట్రపతి ఉత్తర్వు. ప్రతిసారీ పాత జాబితా మీదే కొత్త జాబితా కట్టారు. పరిపాలనకు అనువుగా గీసిన గీత అది. ఏ కొండ మీద ఎవరు బతుకుతున్నారో ఊరూరా తిరిగి చూసి గీసింది కాదు. అందుకే ఒకే తెగ, ఒకే భాష, ఇచ్చిపుచ్చుకునే బంధుత్వాలున్న ఊళ్ళు కొన్ని గీత లోపల పడ్డాయి, కొన్ని బయట మిగిలాయి.

గీత లోపలి ఊరికి, భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా చూసే 1959 భూబదలాయింపు నిబంధన, దాన్ని గట్టిపరచిన 1970 నాటి ఒకటో నిబంధన, అంటే అందరూ 1/70 అనేది, అండగా ఉంటాయి. షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 పెసా చట్టం ఉంటుంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు గని కంపెనీలకు లీజుకివ్వరాదని 1997 జూలైలో సుప్రీంకోర్టు సమత కేసులో ఇచ్చిన తీర్పు ఉంటుంది. గీత బయట ఊరికి ఇవేవీ లేవు. సవరలు 342వ అధికరణ కింద రాష్ట్రమంతటా షెడ్యూల్డు తెగే, హాస్టలు సీటుకూ ఉద్యోగానికీ ఆ గుర్తింపు చాలు. కానీ 244వ అధికరణ, ఐదో షెడ్యూలు గుర్తించేది ప్రాంతాన్ని. ఈ గూడలో మనిషికి గుర్తింపు ఉంది, మన్నుకు లేదు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయి సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్ళాక, ఇక్కడివాళ్ళ గోడు వినాల్సిన ఐ.టి.డి.ఎ. (సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసు కూడా పక్క జిల్లాలో పడింది.

వచ్చిన సమస్య

గూడ పెద్దలు నా దగ్గరికి రెండు చిక్కులతో, ఒక కోరికతో వచ్చారు. మూడూ కలిసిపోయి ఉన్నాయి. తరతరాలుగా పశువులు మేపుకుంటున్న, అడ్డాకులు కోసుకుంటున్న కొండవాలును అటవీశాఖ మొక్కల పెంపకానికి కంచె వేస్తుందని విన్నారు. వాళ్ళ జీడితోట ఒకటి తెల్లకాగితం ఒప్పందం మీద బయటివాడి చేతిలోకి పోయింది. ఈ రెండింటికీ మందు ఒక్కటేనని వాళ్ళ నమ్మకం: గూడను షెడ్యూల్లో కలపాలి.

ఊరి పెద్ద మాట నాకు బాగా గుర్తుంది. "మా వియ్యంకుడిది సీతంపేట అవతల ఊరు బాబూ. ఆల భూమి ఎవులూ కొనకూడదంట. మా భూమయితే ఎవులైనా కొనీవచ్చంట. ఆలూ సవరలే, మావూ సవరలమే. మావేటి తప్పు సేసినాం?"

ఈ ప్రశ్నకు చట్టంలో జవాబు లేదు. గీత అలా పడింది, అంతే.

జీడితోట సంగతి ముందే విడదీశాను. అది ప్రభుత్వం ఇచ్చిన డి-పట్టా, అంటే అసైన్డ్ భూమి. అసైన్డ్ భూముల బదలాయింపును నిషేధించే 1977 నాటి తొమ్మిదో చట్టానికి షెడ్యూలుతో పని లేదు, అది రాష్ట్రమంతటికీ వర్తిస్తుంది. ఆ ఫైలు తహసీల్దారు దగ్గర వేరుగా నడిచింది. ఇలాంటి కేసుల్లో మొదట చేయాల్సింది ఇదేనని నా అభిప్రాయం. షెడ్యూలు రాకపోయినా దక్కే హక్కులేవో వేరు చేసుకుంటే, పెద్ద కోరిక తీరేదాకా చిన్నవాటిని ఆపుకోవక్కర్లేదు.

మొదటి ప్రయత్నం: షెడ్యూలు దారి

గూడ కోరిక అదే కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టాం. ఐదో షెడ్యూలు ఆరో పేరా ప్రకారం, గవర్నరుతో సంప్రదించాక రాష్ట్రపతి ఉత్తర్వుతో షెడ్యూల్డ్ ప్రాంతాన్ని పెంచవచ్చు. దీనికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. మన రాజ్యాంగంలో రెఫరెండం అన్నదే లేదు, 368వ అధికరణ కింద సవరణలు పార్లమెంటులోనే జరుగుతాయి, కొన్నింటికి సగం రాష్ట్రాల శాసనసభల ఆమోదం కావాలి. షెడ్యూలు పెంపుకి అదీ అవసరం లేదు. 2018లో రాజస్థాన్ షెడ్యూల్డ్ ప్రాంతాల జాబితాను కొత్త ఉత్తర్వుతో మార్చారు కూడా. కాగితం మీద చూస్తే దారి సాఫీగానే ఉంది.

అర్జీ పెట్టాక కింది స్థాయి ఆఫీసు ఒకటి పంచాయతీ గ్రామసభ తీర్మానం జతచేయమంది. చట్టం అడగని కాగితం అది. ఇవ్వం అని వాదించవచ్చు. దాని మీద మా మధ్య చాలా చర్చ జరిగింది. తీర్మానం లేకుండా ఫైలు కదిలినా, పై స్థాయికి చేరాక కింద ఊరి నుంచి అభ్యంతరం వస్తే అక్కడే ఆగిపోతుంది. ముందే అందరి ఒప్పుదలా తీసుకుంటే ఆ అడ్డంకి ఉండదు. గూడ కుర్రాళ్ళకు సర్పంచి మీద నమ్మకం ఉంది, మన వోట్లతోనే గెలిచాడు కదా అన్నారు. ఈ లెక్కలన్నీ చూసుకుని సభకు వెళ్ళాలని గూడ నిర్ణయించుకుంది.

సభలో ఓడిపోయాం.

ఓటమి ఎలా వచ్చిందో కొంచెం వివరంగా చెప్పాలి. కింద ఊరి రైతులకు గూడ మీద పగేమీ లేదు. జీడిపిక్కల కాలంలో ఈ గూడ మనుషులే వాళ్ళ తోటల్లో కూలికి వెళ్తారు, పండగలకు ఒకరింటికి ఒకరు వస్తారు. అడ్డొచ్చింది 1/70. షెడ్యూలు ఉత్తర్వులో చేర్చేది గ్రామాల పేర్లను. గూడకు విడిగా గ్రామం హోదా లేదు కాబట్టి కలిపితే రెవెన్యూ గ్రామం మొత్తం కలవాలి. కలిస్తే కింద రైతుల జిరాయితీ పొలాలకూ 1/70 వర్తిస్తుంది. ఆ నిబంధన గిరిజనుల భూమిని గిరిజనేతరులు కొనకుండా ఆపడంతో సరిపెట్టుకోదు. గిరిజనేతరుడు తన భూమిని ఇంకో గిరిజనేతరుడికి అమ్మడాన్ని కూడా ఆపుతుంది. కూతురి పెళ్ళికి ఎకరం అమ్ముకుందామనుకునే రైతుకు అది నిజమైన నష్టమే. సభలో ఒకాయన లేచి అడిగాడు: "మా పొలం మాం అమ్ముకోలేమా, సెప్పండి." అమ్ముకోవచ్చు అని చెప్పడానికి లేదు. చెప్పలేదు కూడా. చేతులెత్తమన్నారు. గూడవాళ్ళ చేతులు ఒక మూలన లేచాయి, వద్దనేవాళ్ళెవరని అడిగితే మిగతా సభంతా లేచింది.

ఆ సభ మిగిల్చిన నష్టం ఆ రోజుతో తీరలేదు. మినిట్స్ పుస్తకంలో "గ్రామసభ తిరస్కరించినది" అని రాసేశారు. గూడ వేసే ప్రతి దరఖాస్తుకూ ఆ వాక్యం అడ్డం పడుతూ వచ్చింది.

ఇదే ప్రశ్న వేరే దేశాల్లో

2023 అక్టోబరు 14న ఆస్ట్రేలియాలో జరిగిన రెఫరెండం ఫలితం చదువుతుంటే నాకు ఈ సభే కళ్ళ ముందు కదిలింది. అక్కడ ఆదివాసులు జనాభాలో నూటికి నలుగురు కూడా లేరు. పార్లమెంటుకూ ప్రభుత్వానికీ సలహా ఇచ్చే ఆదివాసీ సంఘాన్ని రాజ్యాంగంలో చేర్చాలా అని దేశం మొత్తాన్ని అడిగారు. అక్కడి రాజ్యాంగం 128వ సెక్షన్ ప్రకారం సవరణ నెగ్గాలంటే దేశం మొత్తం మీద మెజారిటీ రావాలి, దానితో పాటు ఆరు రాష్ట్రాల్లో కనీసం నాలుగింట రావాలి. నూటికి సుమారు అరవై మంది వద్దన్నారు. ఆరు రాష్ట్రాల్లో ఒక్కటీ అవునని అనలేదు. ఆదివాసులు ఎక్కువగా ఉండే మారుమూల పోలింగ్ కేంద్రాల్లో చాలాచోట్ల మాత్రం అవునే గెలిచింది. కానీ లెక్కలో వాటి బరువెంత? "తెలియకపోతే వద్దని వేయండి" అన్నది వ్యతిరేక ప్రచారంలో బాగా పనిచేసిన మాట.

అదే దేశం 1967 మే 27న ఇంకో ప్రశ్నకు నూటికి తొంభై మందికి పైగా అవునంది. ఆదివాసులను జనగణనలో లెక్కించకుండా ఆపిన సెక్షన్‌ను, వాళ్ళ కోసం కేంద్ర పార్లమెంటు ప్రత్యేక చట్టాలు చేయకుండా ఆపిన మాటలను తీసేయడం గురించిన ప్రశ్న అది. ఓటర్లు అదే దేశంవాళ్ళు, లెక్కించే పద్ధతీ అదే. నేను చూసినంతలో తేడా ఇది: 1967 ప్రశ్నలో ఎవరికీ తమ చేతిలోంచి ఏదో జారిపోతుందన్న భయం లేదు. 2023లో ఆ భయాన్ని రేపగలిగారు. అది సలహా సంఘం మాత్రమే, ఎవరి భూమీ పోయేది కాదు. అయినా భయం పనిచేసింది. మా సభలో భయానికి చట్టంలో ఆధారం కూడా ఉంది. ఇక ఎలా నెగ్గుతుంది?

బొలీవియాలో ఆదివాసులే పెద్ద సంఖ్యలో ఉన్నారు. 2009 జనవరిలో అక్కడి కొత్త రాజ్యాంగం, ఆదివాసీ జాతులను పేరుపెట్టి గుర్తించిన రాజ్యాంగం, ప్రజాభిప్రాయంలో నెగ్గింది. అలాంటి ఆలోచనతోనే రాసిన చిలీ రాజ్యాంగ ముసాయిదా 2022 సెప్టెంబరులో ఓడిపోయింది, అక్కడ ఆదివాసులు అల్పసంఖ్యాకులు. చిలీలో ఓటమికి వేరే కారణాలూ ఉన్నాయి, అదంతా జనాభా లెక్క వల్లే అనను. కానీ హక్కు కావలసినవాళ్ళు సభలో ఏ మూలన ఎంతమంది కూర్చుంటారో చూడకుండా ప్రశ్నను సభ ముందు పెట్టకూడదన్న నా నమ్మకం ఇవి చూశాక గట్టిపడింది.

దారి మార్చింది నియంగిరి

గూడకు కావలసిన ఉదాహరణ ఆస్ట్రేలియాలో కాదు, మన కొండల వెనకే ఉంది. ఒడిశా రాయగడ, కలహండి జిల్లాల్లో నియంగిరి కొండ మీద బాక్సైట్ గని తవ్వాలా వద్దా అన్న కేసులో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అక్కడి డోంగ్రియా కోందు గిరిజనుల సాముదాయక హక్కులు, అంటే ఊరంతా కలిసి అనుభవించే హక్కులు, ఆ కొండ మీద వాళ్ళ దేవుడి హక్కు గ్రామసభలే తేల్చాలంది. జిల్లా జడ్జి స్థాయి అధికారి సమక్షంలో సభలు జరగాలంది. జూలై 18 నుంచి ఆగస్టు 19 దాకా పన్నెండు ఊళ్ళలో సభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. ఇంకా ఎన్నో ఊళ్ళను ఒడిశా ప్రభుత్వం వదిలేసి ఈ పన్నెండే ఎంచిందన్న విమర్శ ఉంది, అది న్యాయమైన విమర్శే. అయినా ఒక సంగతి చూడాలి. ఆ ప్రశ్నను జిల్లా మొత్తాన్ని అడగలేదు. ఆ కొండ మీద బతికే ఊరిని అడిగారు.

మన గూడకు దీన్ని నేరుగా అన్వయించలేం. నియంగిరి తీర్పు పెసా మీదా, అటవీ హక్కుల చట్టం మీదా నిలబడింది. మనకు పెసా లేదు. మిగిలింది 2006 అటవీ హక్కుల చట్టం. దానికి ఏజెన్సీ గీతతో పని లేదు. అందులో ప్రక్రియ మొదలుపెట్టే అధికారం ఆరో సెక్షన్ కింద గ్రామసభది. ఏ గ్రామం సభ? అసలు పోరంతా అక్కడే.

రెండో సెక్షన్‌లో గ్రామానికి ఇచ్చిన నిర్వచనంలో రెండు దారులు మాకు ఎదురయ్యాయి. ఒకటి, షెడ్యూల్డ్ ప్రాంతం కానిచోట రాష్ట్ర పంచాయతీ చట్టం దేన్ని గ్రామం అంటే అదే. ఆఫీసులో చూపించేది ఎప్పుడూ దీన్నే, దీని ప్రకారం మళ్ళీ కింద ఊరి సభే. రెండోది, అటవీ గ్రామాలు, పాత నివాసాలు, సర్వే కాని ఊళ్ళు, వాటిని గ్రామంగా నోటిఫై చేసినా చేయకపోయినా. చివరి మాట బరువైనది. నోటిఫై కాని ఊరికి కూడా చట్టం సభను ఇస్తోంది. పైగా పంచాయతీ స్థాయిలో సభలు పెట్టవద్దనీ, గూడ స్థాయిలో పెట్టాలనీ 2012 జూలైలో కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. ఈ రెండూ జోడించి, గూడ పాత నివాసమని చూపే ఆధారాలతో అధికారులకు రాశాం: ఓటరు జాబితాలో గూడ ఇళ్ళున్న భాగం, అంగన్‌వాడీ రికార్డు, కరెంటు కనెక్షన్లు, గూడ శ్మశానం, ఊరి దేవత చెట్టు.

ఇక్కడ ఇంకో నిర్ణయం తీసుకున్నాం. కుర్రాళ్ళు పోడు భూములకు ఎవరికి వారు వ్యక్తిగత క్లెయిములు కూడా ఇప్పుడే వేద్దామన్నారు. నేను ఆపమన్నాను. క్లెయిములు తిరస్కరణకు గురైనవాళ్ళను ఖాళీ చేయించమని 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు ఆదేశించి, అదే నెలాఖరున దాన్ని నిలిపివేసింది. నిలిపివేత ఉన్నా, తిరస్కరణ కాగితం చేతిలో ఉన్న కుటుంబం మీద కత్తి వేలాడుతూనే ఉంటుంది. ఆధారాలు సరిపోని క్లెయిము వేయడం కంటే వేయకుండా ఆగడం మేలు. సాముదాయక హక్కుల మీదే ముందు గట్టిగా నిలబడదామని అనుకున్నాం.

గూడ సభ

గూడ స్థాయి సభకు అనుమతి తెచ్చుకోవడానికి చాలా కాలం పట్టింది. తీరా పెట్టిన మొదటి సభకు కోరం లేదు. నిబంధనల ప్రకారం పెద్దవాళ్ళలో సగానికి తగ్గకుండా రావాలి, వచ్చినవాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి. ఆ నెలల్లో గూడ సగం ఖాళీ. మగవాళ్ళు చెన్నై, హైదరాబాదు పనులకు పోయారు, ఆడవాళ్ళలో చాలామంది పలాస జీడి కార్ఖానాల్లో ఉన్నారు. ఆఫీసుకు అనువైన తేదీ అది, గూడకు కాదు.

తేదీని కంది కొత్తల పండగకు మార్చమని అడగడం గూడ ఆడవాళ్ళ ఆలోచన. కొత్త కందులు దేవతకు పెట్టకుండా ఎవరూ ముట్టరు, అందుకని ఎంత దూరంలో ఉన్నా వస్తారు. పండగ మర్నాడు సభ పెట్టారు. కోరం దాటింది. పదిమందికి తగ్గకుండా, పదిహేనుమందికి మించకుండా, మూడింట రెండు వంతులు గిరిజనులతో, మూడోవంతు ఆడవాళ్ళతో అటవీ హక్కుల కమిటీని అక్కడే ఎన్నుకున్నారు.

గొర్రెలు కాసే రెండు కుటుంబాలను ఏం చేయాలన్న మాట వచ్చింది. వాళ్ళు గిరిజనులు కారు. గిరిజనేతర అటవీవాసులుగా హక్కు అడగాలంటే మూడు తరాలు, అంటే డెబ్బయి అయిదేళ్ళ నివాసం చూపాలి, వాళ్ళ దగ్గర ఆ ఆధారం లేదు. కొందరు వాళ్ళను సభకు పిలవవద్దన్నారు. కానీ చట్టంలో గ్రామసభ అంటే ఆ ఊళ్ళో పెద్దవాళ్ళందరూ. కింద సభ మమ్మల్ని లెక్కచేయలేదని బాధపడిన గూడ, తన సభలో రెండు కుటుంబాలను బయట నిలబెడితే ఆ తీర్మానానికి చట్టంలో బలమూ ఉండదు, నీతిలో బలమూ ఉండదు. ఊరి పెద్దే ఈ మాట చెప్పి వాళ్ళను పిలిపించాడు. మేత హక్కులో వాళ్ళ గొర్రెలూ చేరాయి.

ఆధారాల దగ్గర పెద్ద చిక్కు వచ్చింది. పదమూడో నిబంధన ఊరి పెద్దల వాంగ్మూలాన్ని ఆధారంగా ఒప్పుకుంటుంది. అయితే ఆ పెద్దలు క్లెయిముదారులు కాకూడదు. ఊరంతా కలిసి అడిగే హక్కులో ఊళ్ళో క్లెయిముదారు కానిది ఎవరు? పక్క గూడలో సాక్షులను వెతుకుదామన్నారు. వాళ్ళూ సవరలే, బంధువులే, వాళ్ళ మాట తేలిగ్గా కొట్టేస్తారు. కింద ఊళ్ళోనే అడగాలని నేను పట్టుబట్టాను.

దొరికాడు. ఎనభై దాటిన రైతు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న బండి తోలుకుని ఈ గూడకు చింతపండు కొనడానికి వచ్చేవాడు, తనూ ఆ బండిలో వచ్చేవాడు. ఏ చెట్ల కింద బేరం జరిగేదో, ఏ ఊట దగ్గర ఎడ్లకు నీళ్ళు పెట్టేవారో, ఏ వాలు నుంచి అడ్డాకుల మోపులు దిగేవో అన్నీ చెప్పాడు. షెడ్యూలు సభలో ఈయన కూడా వ్యతిరేకంగానే చెయ్యెత్తాడు. ఆ సంగతి అడిగితే దాచలేదు. "అది నా పొలం మాట. ఇది ఆల కొండ మాట. కొండ ఆలదే, నాకు తెల్దా?" అన్నాడు. ఈ మాట విన్నాక కేసు మొత్తాన్ని ఇంకోలా చూడటం మొదలుపెట్టాను. సభలో వద్దన్న చేతుల్లో చాలా చేతులు గూడ హక్కుకు వ్యతిరేకం కావు. వాళ్ళను అడిగిన ప్రశ్నలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి.

అక్కడి నుంచి కింద ఊరి భయాలను ఒక్కొక్కటిగా విడదీశాం. వాళ్ళ పశువులు ఎండాకాలం ఈ వాలు మీదుగానే చెరువుకు వస్తాయి. హక్కు పత్రం వస్తే దారి మూసేస్తారని అనుకుంటున్నారు. గూడ సభ ఇంకో తీర్మానం చేసింది: పశువుల దారి, చెరువు నీళ్ళు ఇప్పటిలాగే అందరివీ. ఆ కాగితం నకలు కింద ఊళ్ళో చదివి వినిపించారు.

గ్రామసభ తీర్మానాన్ని పరిశీలించే సబ్ డివిజన్ కమిటీ మొదట ఫైలును పక్కన పెట్టబోయింది, పంచాయతీ గ్రామసభ ఇదివరకే తిరస్కరించింది కదా అని. రెండు సంగతులు రాసిచ్చాం. ఆ సభ ముందున్నది ఐదో షెడ్యూలు ప్రశ్న, అటవీ హక్కు కాదు. ఇక తీర్మానం అసంపూర్ణంగా ఉందని కమిటీకి అనిపిస్తే 12-ఎ నిబంధన ప్రకారం తిరస్కరించకుండా గ్రామసభకే తిప్పి పంపాలి. పంపారు. హద్దులు మళ్ళీ తిరిగి, అటవీ సిబ్బంది సమక్షంలో పటం గీసి, చెరువు, ఊటలు, మేత వాలు, శ్మశానం, దేవత చెట్టు గుర్తించి తిరిగి పంపాం. చివరికి జిల్లా కమిటీ మేత, నీరు, చిన్న అటవీ ఉత్పత్తుల మీద సాముదాయక హక్కు పత్రం ఇచ్చింది. కంచె ఆ వాలుకు రాలేదు. అడవిని కాపాడుకుంటూ నిర్వహించుకునే సాముదాయక అటవీ వనరుల హక్కు మాత్రం హద్దుల సర్వే తేలక ఇంకా నిలిచే ఉంది. నా లెక్కలో అసలైనది అదే.

ఈ పని చేసేవాళ్ళకు

ఆఫీసు ఒక తీర్మానం అడిగినప్పుడు, చట్టం దాన్ని అడుగుతోందా లేదా అని మొదట చూడండి. అడగనప్పుడు, ఓడిపోతే ఆ కాగితం ఇంకెన్ని ఫైళ్ళలోకి పాకుతుందో అంచనా వేయండి. సభలో గెలుస్తామా అన్నది ఆ తర్వాతి మాట.

ఎదుటివాళ్ళ భయం అబద్ధమైతే అబద్ధమని చెప్పవచ్చు. నిజమైతే ప్రశ్నను ఆ భయం నుంచి వేరు చేయాలి. 1/70 గురించి సభలో దాటవేసి ఉంటే ఆ ముసలి రైతు తర్వాత మాకు సాక్ష్యం చెప్పేవాడు కాదు.

ఎప్పుడూ గూడనే అడిగితే గూడ ఎప్పుడూ గెలుస్తుందని కూడా అనుకోకూడదు. నియంగిరిలో పన్నెండు ఊళ్ళూ వద్దన్నాయి కాబట్టి మనకు నచ్చింది. రేపు ఏదో గూడ మనకు నచ్చని జవాబు ఇస్తే ఆ జవాబునూ అంతే గౌరవంతో ఫైలు చేయాలి. అప్పుడే ఆ సభకు విలువ.

షెడ్యూలు కోరికను గూడ వదులుకోలేదు, నేనూ వదలమనలేదు. ఇప్పుడు వరస మార్చాం. ముందు గూడను విడి రెవెన్యూ గ్రామంగా చేయమని దరఖాస్తు పెట్టాం. అది జరిగితే షెడ్యూల్లో చేర్చమని గూడ పేరుతోనే అడగవచ్చు, కింద ఊరి జిరాయితీకి 1/70 తగలదు. ఆ దరఖాస్తు మీద కింద ఊరి నుంచి కొందరు సంతకాలు పెట్టారు. గూడ హద్దును ఆనుకుని పొలాలున్న నాలుగు కుటుంబాలు పెట్టలేదు, సర్వే రాయి ఎటు పడుతుందో చూశాకే పెడతామన్నాయి. సర్వేయరు రావాలి. ఆ నాలుగు కుటుంబాలను కొలతల రోజున తప్పకుండా దగ్గర ఉండమని గూడ తరఫున రాతపూర్వకంగా పిలిచాం.